చిల్లకంప తగలబెట్టే బదులు బొగ్గు చేసి భూమికి పెడదాం: మన ప్రకాశం, నెల్లూరు జిల్లాల రైతుల బయోచార్ చర్చ

దర్శి మెట్టరైతు (ఫిబ్రవరి 9, ఉదయం)

అందరికీ నమస్కారం. మాది దర్శి పక్క పల్లె. ఏడు ఎకరాల మెట్ట, అందులో మూడెకరాలు ఎనిమిదేళ్లు బీడు పడి చిల్లకంప (సర్కారు తుమ్మ) కమ్ముకుంది. పోయిన ఏడు నేనూ మా తమ్ముడూ దాన్ని కొట్టించాం. ఇదివరకైతే బొగ్గుల బట్టీ వాళ్లకు ఇచ్చేసేవాళ్లం. లావు మొద్దులు వాళ్లు తీసుకుంటారు, సన్న కంపంతా మనకే మిగులుతుంది. దానికి అగ్గిపుల్ల గీసి ఇంటికి రావడమే అలవాటు. కందికట్టె, పత్తికట్టె కూడా అంతే.

ఈసారి ఆ కంపతో బయోచార్, అంటే పొలానికి వేసే బొగ్గు, చేశాను. రెండు నెలలు చదివి, ముగ్గుర్ని అడిగి, రెండుసార్లు చెడగొట్టి నేర్చుకున్నది రాస్తున్నాను. ఖర్చేమీ లేదు, పారా గడ్డపారా చాలు.

గరాటు ఆకారంలో గుంత తవ్వాలి. పైన అయిదడుగుల వెడల్పు, లోతు రెండున్నర అడుగులు. అడుగున ఎండు పుల్లలు గూడులాగా పేర్చి పైనుంచి అంటించాలి. కింద నుంచి అంటిస్తే పొగ వస్తుంది, నేను మొదటిసారి చేసిన తప్పు అదే. మంట బాగా లేచాక కంపను పొరలు పొరలుగా వేస్తూ పోవాలి. పైపొర మీద తెల్లగా బూడిద పట్టడం మొదలవగానే తరువాతి పొర వేసేయాలి. ఆలస్యం చేస్తే బూడిదే మిగులుతుంది, తొందరపడి ఒక్కసారే ఎక్కువ వేస్తే మంట చచ్చి పొగ కమ్ముతుంది. పైన మంట ఉన్నంతసేపూ ఆ మంటే గాలిని తినేస్తుంది. కిందికి గాలి అందదు కాబట్టి కింది కర్ర కాలిపోకుండా బొగ్గుగా నిలుస్తుంది. అంతకుమించి ఇందులో రహస్యమేమీ లేదు.

మూడు గంటల్లో గుంత నిండింది. నీళ్లు పోస్తే బుస్సుమని ఆవిరి లేచింది. తెల్లారి తీసి చూస్తే ముక్కలు గాజుపెంకుల్లాగా గలగలమన్నాయి. చేతిలో నలిపితే నల్లటి పొడి అయింది, ఉత్త నీళ్లతో కడిగితే పోయింది. అదే గుర్తు. జిడ్డుగా అంటుకుని సబ్బు పెట్టినా పోకపోతే సరిగ్గా కాలనట్టు, అది పొలానికి పనికిరాదు.

ఒక గుంతకు ఏడు యూరియా బస్తాలు వచ్చింది. దాన్ని పేడనీళ్లలో నానబెట్టి పది సెంట్ల కందిలో సాళ్ల వెంట వేశాం. మాది ఎర్ర గరప నేల. ఆగస్టులో వాన మొహం చాటేసినప్పుడు మిగతా చేను మధ్యాహ్నానికే ఆకు వేలాడేసింది. ఈ పది సెంట్లు ఇంకో నాలుగు రోజులు నిలబడ్డాయి. దిగుబడి విడిగా తూచలేదు కాబట్టి ఇంత పెరిగిందని చెప్పను. ఆ నాలుగు రోజులు మాత్రం నా కళ్లతో చూశాను.

ఎవరైనా చేస్తుంటే రాయండి.

బుచ్చి వరిసాగు (ఫిబ్రవరి 9, రాత్రి)

అన్నా, బాగా రాశారు. మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర, కనిగిరి రిజర్వాయర్ ఆయకట్టు. నాకు రెండు సందేహాలు. బట్టీ బొగ్గుకూ దీనికీ తేడా ఏంది? బజార్లో బస్తా బొగ్గు కొని పొడి చేసి వేస్తే సరిపోదా? రెండోది, మాకు కంప దొరకదు, రైస్ మిల్లు ఊక కావలసినంత దొరుకుతుంది. మిల్లు బాయిలర్ నుంచి వచ్చే ఊక బూడిద బయోచార్ కిందికి వస్తుందా?

ఒంగోలు అగ్రి (ఫిబ్రవరి 10)

నేను బాపట్ల కాలేజీలో అగ్రికల్చర్ బీఎస్సీ చదివాను, మాది ఒంగోలు దగ్గరే. తెలిసినంత చెప్తాను.

బుచ్చి అన్నగారూ, బట్టీలో కర్రను మట్టితో కప్పి రోజుల తరబడి మగ్గబెడతారు. అప్పుడొచ్చే పొగలో మీథేన్, కార్బన్ మోనాక్సైడ్ ఉంటాయి, అవి కాలకుండానే గాలిలో కలుస్తాయి. మీథేన్ భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు గాలి (కార్బన్ డయాక్సైడ్) కంటే ఎన్నో రెట్లు చెడ్డది. దర్శి అన్నగారు చెప్పిన గుంతలో ఆ గ్యాసు పైమంటలోనే కాలిపోతుంది. ఈ పద్ధతిని 2014లో స్విట్జర్లాండ్‌లోని ఇథాకా సంస్థ వాళ్లు ఇనుప గరాటుతో మొదలుపెట్టి కోన్‌టికి అని పేరు పెట్టారు. మట్టిలో గుంత తవ్వినా పని అదే. బజారు బొగ్గు పొలానికి పనికొస్తుంది కానీ వంటకు అమ్ముడుపోయేదాన్ని కొని మట్టిలో వేస్తే గిట్టుబాటు కాదు.

ఊక బూడిద వేరు, ఊక బొగ్గు వేరు. తెల్లగా, బూడిద రంగులో ఉంటే అందులో కార్బన్ కాలిపోయింది, మిగిలింది ఎక్కువగా సిలికా. నల్లగా, ఊక గింజ ఆకారం చెడకుండా ఉంటే అది చార్, అంటే బయోచార్. ఊకను గుంతలో వేస్తే మంట ఆరిపోతుంది. ఖాళీ నూనె డబ్బాకు చుట్టూ మేకుతో చిల్లులు పొడిచి, పైన రేకు గొట్టం పెట్టి, డబ్బా లోపల నిప్పు చేసి, చుట్టూ ఊకను కుప్పగా పోయండి. లోపలి నుంచి బయటికి నల్లబడుతూ వస్తుంది. పైపొర కూడా నల్లబడిందనగానే పలచగా పరిచి నీళ్లు కొట్టాలి. దుమ్ము ముక్కులోకి పోకుండా గుడ్డ కట్టుకోండి, ఎండు ఊకబొగ్గు పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

వాతావరణం లెక్క కూడా చెప్తాను. ఎండు కర్రలో దాదాపు సగం కార్బన్. తగలబెడితే అంతా గాలిలోకి పోతుంది, కుళ్లితే కొన్నేళ్లలో పోతుంది. గుంతలో చేస్తే వంద కిలోల కర్రకు ఇరవై కిలోల బొగ్గు వస్తుందనుకుంటే, కర్రలోని కార్బన్‌లో సుమారు మూడో వంతు నిలుస్తుంది. అది మట్టిలో తేలిగ్గా కుళ్లదు, వందల ఏళ్లు ఉంటుంది. అమెజాన్ అడవుల్లో వేల ఏళ్ల నాటి మనుషులు బొగ్గు, ఎముకలు, చెత్త కలిపి చేసిన నల్లనేలలు ఇప్పటికీ సారంగా ఉన్నాయి, టెర్రా ప్రెటా అంటారు. కిలో మంచి బొగ్గు భూమిలో పెడితే రెండున్నర కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోకుండా ఆపినట్టు. 2019లో ఐపీసీసీ (ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం) వాళ్లు తమ లెక్కల పుస్తకానికి చేసిన సవరణలో బయోచార్ కార్బన్‌ను లెక్కగట్టే పద్ధతిని కూడా అనుబంధంగా పెట్టారు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. 2017లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణలో ఉష్ణమండల దేశాల్లో బయోచార్ వల్ల దిగుబడి సగటున 25 శాతం పెరిగిందని తేలింది. ఆ అంకె చూసి పరుగెత్తకండి. ఆ లాభంలో ఎక్కువ భాగం పుల్లనేలల్లో, సారం లేని నేలల్లో వచ్చింది. బయోచార్ సున్నం మాదిరి పని చేస్తుంది, పీహెచ్ (నేలలో పులుపు తగ్గేకొద్దీ పెరిగే కొలత) పెంచుతుంది. మన నల్లరేగడి చాలాచోట్ల ఇప్పటికే 8 దాటి ఉంది. అక్కడ కంప బొగ్గు ఎక్కువగా వేస్తే జింకు, ఇనుము మొక్కకు అందక ఆకు పాలిపోతుంది. ఎర్ర గరప, ఇసుక నేలలకు మాత్రం నీళ్లు పట్టి ఉంచే గుణం వల్ల నిజంగా మేలు. ముందు భూసార పరీక్ష చేయించండి, తరువాతే గుంత తవ్వండి.

పొదలకూరు నిమ్మతోట (ఫిబ్రవరి 10)

అమ్మా, నాకు జరిగింది చెప్తాను, ఎక్కడ తప్పు చేశానో చెప్పు. రెండేళ్ల కింద ఒక సమావేశంలో బొగ్గు వేస్తే చాలు, ఎరువే అక్కర్లేదు అన్నారు. నమ్మాను. బట్టీ దగ్గర బొగ్గు చూర తెచ్చి కొత్తగా నాటిన నలభై నిమ్మ మొక్కల పాదుల్లో తలా ఒక తట్ట వేసేశాను. నెల తిరక్కముందే ఆకులు పసుపు తిరిగాయి. మొక్క ఎదుగుదల ఆగిపోయింది. మా ఇంటావిడ రోజూ తోటకు వచ్చి ఆ మొక్కలు చూసి ఏడుపుముఖం పెట్టేది. తరువాత వేపపిండి, పేడ ఎరువు వేసి కోలుకునేలా చేసుకున్నాం కానీ ఒక సంవత్సరం పోయింది. అప్పటినుంచి బొగ్గు అంటేనే భయం.

ఒంగోలు అగ్రి (ఫిబ్రవరి 11)

బాబాయ్, చదువుతుంటే నాకే బాధేసింది. మీ తప్పు కాదు, మీకు సగమే చెప్పారు.

కొత్త బొగ్గు ఎండిన స్పాంజి లాంటిది. దాని లోపలంతా సన్న బెజ్జాలే. పచ్చిగా మట్టిలో వేస్తే చుట్టూ ఉన్న నత్రజనిని తానే పట్టుకుంటుంది, మొక్కకు మిగలదు. అందుకే ముందే దాని కడుపు నింపి పంపాలి. నత్రజని లేక ఆకు పసుపు తిరిగింది. బొగ్గు చూరలో బూడిద కూడా కలిసి ఉంటుంది కాబట్టి పీహెచ్ కూడా దెబ్బకొట్టి ఉండవచ్చు.

బయోచార్ ఎరువు కాదు. ఎరువునూ నీటినీ దాచుకునే గాదె అనుకోండి. గాదె కట్టి ధాన్యం పోయకపోతే ఇంట్లో ఎవరికి కడుపు నిండుతుంది?

ఉదయగిరి సంఘం అక్క (ఫిబ్రవరి 12)

మా సంఘంలో ప్రకృతి సేద్యం చేసే ఆడవాళ్లం పదకొండు మందిమి ఉన్నాం. నానబెట్టడం ఎట్లానో నేను చెప్తాను, మేం ఏడాదిగా చేస్తున్నాం.

జీవామృతం అందరికీ తెలిసిందే: పది కిలోల పేడ, పది లీటర్ల ఆవు పంచితం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టుమట్టి, రెండొందల లీటర్ల నీళ్లు. దాంట్లో బొగ్గును శనగగింజంత ముక్కలుగా చితక్కొట్టి వేస్తాం. కొట్టేటప్పుడు తడిపి కొట్టాలి, లేకపోతే దుమ్ముకు దగ్గొస్తుంది. మొదట తేలుతుంది, మూడో రోజుకు మునుగుతుంది. మునిగిందంటే తాగిందని లెక్క. అంత ఓపిక లేకపోతే పెంటదిబ్బలోనే పొరలు పొరలుగా వేసి నాలుగు వారాలు వదిలేయండి. ఇంకా తేలికైనది, గొడ్ల కింద పరవడం. పశువుల కొట్టంలో పంచితం పడేచోట బొగ్గు చల్లితే అదే పీల్చుకుంటుంది, కొట్టంలో ఘాటు వాసన కూడా తగ్గుతుంది. మా కొట్టంలో దోమ తగ్గిందని మా అత్తయ్య అంటోంది, అది బొగ్గు వల్లో కాదో నేను ఒట్టేసి చెప్పలేను.

నాకు రెండు దిగుళ్లున్నాయి, అవీ చెప్పాలి. మాది మెట్ట ప్రాంతం. గుంత ఆర్పడానికి పది పదిహేను బిందెల నీళ్లు పోయాలంటే వేసవిలో మనసొప్పదు. మేం పైన తడిమట్టి కప్పి, రేకు మూసి, రెండు రోజులు కదిలించకుండా ఉంచుతున్నాం. కొంత బూడిదవుతుంది, అయినా తాగేనీళ్లు మిగులుతాయి.

రెండోది పెద్దది. ఇవాళ చిల్లకంప అంటున్నాం. రేపు బొగ్గుకు గిరాకీ వస్తే వేపచెట్టు, తుమ్మచెట్టు కొట్టరని ఎవరు హామీ ఇస్తారు? మా ఊరి చెరువుగట్టు మీద చెట్లు బట్టీలకు పోవడం చిన్నప్పుడు చూశాను. పొలంలో మిగిలిన కట్టె, చిల్లకంప, ఈ రెండూ తప్ప వేరే కర్ర ముట్టకూడదని మా సంఘం తీర్మానం రాసుకుంది. ప్రతి ఊళ్లో ఇది ముందే అనుకోవాలి.

దర్శి మెట్టరైతు (ఫిబ్రవరి 12)

అక్కా, నూటికి నూరుపాళ్లు నిజం. పచ్చని చెట్టు కొట్టి బొగ్గు చేస్తే వాతావరణానికి చేసేది మేలు కాదు, కీడే. చిల్లకంప విషయంలో నాకు బాధలేదు. 19వ శతాబ్దంలో అమెరికా ఖండం నుంచి తెచ్చిన మొక్క అది. మేకలు, గొడ్లు కాయ తిని పేడతో పాటు విత్తనం పొలమంతా చల్లుతాయి. నరికితే మొదలు నుంచి మళ్లీ నాలుగు కొమ్మలు లేస్తాయి. వేరు తవ్వి తీయకపోతే మూడేళ్లకు మొదటికొస్తుంది. కాయతో సహా గుంతలో వేస్తే ఆ విత్తనం పీడ వదులుతుంది.

టంగుటూరు బ్యారన్ (ఫిబ్రవరి 14)

పొగాకు రైతుల సంగతి ఎవరూ ఎత్తలేదు. బ్యారన్‌లో కిలో ఆకు కాల్చడానికి (వేడితో ఆరబెట్టి పదును చేయడానికి) నాలుగైదు కిలోల కట్టె పోతుంది. ఆ లెక్కన మన ప్రాంతంలో పొగాకు కోసం ఎంత చెట్టు కాలుతోందో ఆలోచిస్తే నిద్రపట్టదు. ఆ రుణం కొంతైనా తీర్చాలన్న ఆలోచనతోనే ఈ చర్చ మొత్తం చదివాను.

ఆకు కొట్టేశాక చేలో పొగాకు మోళ్లు నిలబడి ఉంటాయి. పీకి గట్టున వేసి తగలబెడతాం. వాటితో చార్ చేయవచ్చా? ఆ మోళ్లలో మొజాయిక్ తెగులు ఉంటే మిరపకు అంటుతుందేమోనని భయం. ఇంకోటి, పొగాకు మల్లె, పొగాకు వేరు మీద పడి బతికే కలుపు. పీకి పడేస్తే విత్తనం దుమ్ములాగా రాలి ఏళ్లతరబడి మట్టిలో పడుంటుంది.

ఒంగోలు అగ్రి (ఫిబ్రవరి 14)

చేయవచ్చు, చేస్తేనే మంచిది. గుంతలో వేడి అయిదారు వందల డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి వైరసూ మిగలదు, మల్లె విత్తనమూ మిగలదు. మోళ్లు మాత్రం బాగా ఎండాలి, పచ్చి మోడు పొగపెడుతుంది. మల్లెను పూత విచ్చకముందే పీకి గోతంలో వేసి ఎండబెట్టుకుని, మంట జోరుమీద ఉన్నప్పుడు గోతంతో సహా కాదు, గోతం దులిపి వేయండి. ప్లాస్టిక్ గోతం గుంతలో పడకూడదు.

ఒక జాగ్రత్త. పొగాకుకు క్లోరిన్ పడదు, ఎక్కువైతే ఆకు సరిగ్గా మండదు, గ్రేడు పడిపోతుంది. సముద్రం పక్క చవుడు నేలలో పెరిగిన కంపలో ఉప్పు ఎక్కువ. ఆ బొగ్గును పొగాకు చేలో వేయకండి. వేరే పంటకైనా రెండు మూడుసార్లు మంచినీళ్లతో కడిగి వేయండి.

కావలి కుర్రాడు (ఫిబ్రవరి 20)

ఇంతమంది ఇంత మంచిగా రాస్తున్నారు కాబట్టి ఒక చేదు అనుభవం చెప్తాను, ఇంకొకరు మోసపోకూడదని. పోయిన ఏడు ఒక కంపెనీ తరఫున అంటూ ఇద్దరు మా ఊరొచ్చారు. పేరు రాయను. బయోచార్ చేస్తే కార్బన్ క్రెడిట్లు (గాలిలోకి పోకుండా ఆపిన కార్బన్‌కు ఇచ్చే, అమ్ముకోగల పత్రాలు) వస్తాయి, ఎకరాకు ఇంత డబ్బు అన్నారు. ఆధార్, పాస్‌బుక్ జిరాక్సులు తీసుకున్నారు, ఇంగ్లీషు కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. మా నాన్న, ఇంకో పదిమంది కలిసి పద్దెనిమిది గుంతలు కాల్చారు. ఫోటోలు పంపారు. తరువాత ఆ ఫోన్ నంబరు పనిచేయలేదు. చేసిన కష్టం కన్నా, నాన్న ఊళ్లో నలుగురికి నచ్చజెప్పి తీసుకొచ్చాడు, ఆ నలుగురి ముందు తలెత్తుకోలేకపోయాడు. అదే ఎక్కువ బాధ.

ఒంగోలు అగ్రి (ఫిబ్రవరి 20)

తమ్ముడూ, చాలా అన్యాయం. కార్బన్ క్రెడిట్ల మార్కెట్ నిజంగానే ఉంది. ప్యూరో, వెర్రా లాంటి సంస్థలు బయోచార్‌కు ప్రమాణాలు రాశాయి, వెర్రా పద్ధతి 2022లో వచ్చింది. ఆ ప్రమాణాల్లో చాలా షరతులుంటాయి: ఏ కర్ర వాడారు, ఎంత తేమ, ఎన్ని కిలోలు తూచారు, ఎక్కడ వేశారు, బొగ్గు ల్యాబ్ పరీక్ష. ఇవేవీ అడగకుండా ముందే ఎకరాకు ఇంత అని చెప్పేవాళ్లను నమ్మవద్దు. తెలుగులో ఒప్పందం, కిలోకు రైతు వాటా ఎంతో రాతలో, డబ్బు ఎప్పుడు పడుతుందో తేదీతో ఉంటేనే సంతకం. క్రెడిట్ ఎవరి పేరు మీద నమోదవుతుందో కూడా అడగండి.

కొండపి పెద్దాయన (ఫిబ్రవరి 22)

నాకు అరవై ఎనిమిది. అంతా చదివాను. ఒక మాట అడుగుతాను, కోపం వద్దు. గుంతకు ఏడు బస్తాలంటే పది సెంట్లకు సరి. ఎకరాకు పది పన్నెండు గుంతలు కాల్చాలి. కూలి రేటు ఎంతో మీకు తెలుసు. లోకం వేడెక్కించింది ఫ్యాక్టరీలూ కార్లూ అయితే, చల్లార్చే కష్టం మెట్టరైతు ఎందుకు పడాలి?

దర్శి మెట్టరైతు (ఫిబ్రవరి 23)

పెద్దాయనా, మీ ప్రశ్న న్యాయమైనది. దీనికి నా దగ్గర ఒకటే జవాబు ఉంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా ఊళ్లో పొగాకు నారు, శనగ రెండూ నీళ్లలో మునిగాయి. ఆ తరువాతి వేసవిలో అదే చేలో బోరు ఎండింది. లోకం ఎవరు పాడుచేసినా దెబ్బ మాత్రం నా చేలోనే పడుతోంది. వాళ్ల చేత నష్టం కట్టించే పోరాటం చేద్దాం, నేనూ వస్తాను. ఈలోగా నా మట్టి ఇంకో నాలుగు రోజులు తడి పట్టుకుంటే ఆ నాలుగు రోజులు నావే కదా.

ఖర్చు మాట నిజమే. ఎకరమంతా ఒకేసారి చేయమని ఎవరికీ చెప్పను. కూలి పెట్టి చేస్తే గిట్టదు. కంప ఎలాగూ కొట్టాల్సిందే, కట్టె ఎలాగూ పీకాల్సిందే. అగ్గిపుల్ల గీసి ఇంటికొచ్చే బదులు ఆ పూట అక్కడే ఉండాలి. చేనంతా చల్లకుండా మొక్క మొదట్లోనే వేస్తే ఏడు బస్తాలు చాలా దూరం వస్తాయి. ఏడాదికి పది సెంట్లు, ఇరవై సెంట్లు. ఒకసారి వేసింది మళ్లీ వేయక్కర్లేదు. మీ మనవడి కాలానికి కూడా అది అక్కడే ఉంటుంది.

కొండపి పెద్దాయన (ఫిబ్రవరి 23)

సరే అబ్బాయ్. కందికట్టె ఉంది. ఈ ఏడు తగలబెట్టను. గుంత తవ్వే రోజు ఒకసారి వచ్చి చూపించు.

బుచ్చి వరిసాగు (ఏప్రిల్ 6)

కోతలయ్యాయి. డబ్బాకు చిల్లులు పొడిచి ఊక బొగ్గు చేశాను. మొదటి కుప్ప పొద్దున్నకు తెల్లగా బూడిదైపోయింది, నిద్రపోయినందుకు. రెండోదానికి రాత్రంతా మంచం వేసుకుని కూర్చున్నాను, బాగా వచ్చింది. పెసలతో పరీక్ష చేశాను: ఒక కుండీలో ఉత్త మట్టి, ఇంకో కుండీలో పదో వంతు ఊక బొగ్గు కలిపిన మట్టి, తలా ఇరవై గింజలు. రెండింట్లోనూ దాదాపు ఒకేలా మొలిచాయి. అంటే చార్‌లో విషం లేదన్నమాట. ఎడగారు (రెండో పంట) నారుమడిలో కొంత మేర వేసి చూస్తాను.

పొదలకూరు నిమ్మతోట (జులై 19)

చాలా రోజులకు రాస్తున్నాను. భయపడుతూనే, ఈసారి నాలుగే చెట్లకు చేశాను. ఉదయగిరి అక్క చెప్పినట్టు పెంటదిబ్బలో నెల రోజులు మగ్గబెట్టి, పాదు మధ్యలో కాకుండా కొమ్మల నీడ అంచున జానెడు లోతు కాలువ తీసి, చెట్టుకు రెండు తట్టలు వేసి మట్టి కప్పాను. ఆకు పచ్చగానే ఉంది.

ఇవాళ పొద్దున ఒకచోట చేత్తో మట్టి తీసి చూశాను. బొటనవేలంత బొగ్గుముక్క దొరికింది. దాని చుట్టూ కొత్త వేర్లు, దారాల్లాంటి తెల్లటివి, అల్లుకుని ఉన్నాయి. రెండు వేర్లు ముక్కలోకే దూరిపోయాయి. లాగితే తెగుతాయని వదిలేశాను. మా ఇంటావిడను పిలిచి చూపించాను. చాలాసేపు అక్కడే కూర్చుంది.

ఉదయగిరి సంఘం అక్క (జులై 19)

అన్నా, ఆ ముక్కను మట్టి కప్పి అట్లానే ఉంచండి. ఆదివారం మా వాళ్లం అయిదుగురం పొదలకూరు వస్తున్నాం. వదినగారికి చెప్పండి.